చదరంగంలో డి4కు నల్లపావులతో పదునైన జవాబు: ఆల్బిన్ నేర్చుకోవాలా, బుడాపెస్ట్ నేర్చుకోవాలా?

వడ్డేపల్లి_నల్లపావులు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను హన్మకొండలో ఉంటాను, ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెబుతాను. చదరంగంలో నా ర్యాపిడ్ (తక్కువ సమయంలో ముగిసే ఆటల) రేటింగ్ 1560 దగ్గర ఉంది. సెలవు దొరికినప్పుడల్లా వరంగల్, కరీంనగర్, హైదరాబాద్‌లలో జరిగే ఓపెన్ టోర్నమెంట్లకు వెళ్తుంటాను. నల్లపావులతో ఆడేటప్పుడు ఎదుటివారు ఈ4 వేస్తే సిసిలియన్ ఆడతాను, అది ఏడేళ్లుగా చేతిలో ఉన్న ఆట. నా కష్టమంతా 1. డి4, అంటే తెల్లవారు మంత్రి ముందున్న బంటును రెండు గడులు తోసే మొదటి ఎత్తు దగ్గరే.

ఇంతకాలం దానికి క్వీన్స్ గ్యాంబిట్ డిక్లైన్డ్‌తోనే జవాబిస్తూ వచ్చాను. అది గట్టి ఆట అని, ప్రపంచ చాంపియన్లు నమ్ముకున్న ఆట అని నాకు తెలుసు. కానీ ఈ6 వేసిన క్షణం నుంచి సి8లోని ఒంటెకు దారి మూసుకుపోతుంది. (నేను ఒంటె అంటున్నది బిషప్‌ను, కొందరు శకటు అంటారు. మూలన ఉండేది ఏనుగు, రాణి గడిలో ఉండేది మంత్రి. డి×ఈ5 అని రాస్తే డి బంటు ఈ5లోని పావును తిన్నట్టు.) ఆ ఒంటెను బయటికి తేవడానికే నాకు పదిహేను ఎత్తులు పడుతున్నాయి, ఆ లోపు ఎదుటివారు తమకు కావలసిన చోట ఏనుగులను నిలబెట్టుకుంటున్నారు. ఓడిపోయినందుకు కంటే, ఆటంతా ఎదుటివారు ఏం చేస్తారో అని చూస్తూ కూర్చున్నందుకు ఎక్కువ బాధగా ఉంటుంది.

అందుకని పోయిన నెల హైదరాబాద్ ర్యాపిడ్ టోర్నమెంటులో ఒక సాహసం చేశాను. ఫోన్లో వచ్చే చిన్న వీడియోల్లో ఎంగ్లండ్ గ్యాంబిట్ చాలాసార్లు చూసి ఉన్నాను (గ్యాంబిట్ అంటే దాడి కోసం బంటును అర్పించే ఆరంభం): 1. డి4 ఈ5 2. డి×ఈ5 గుర్రం సి6 3. గుర్రం ఎఫ్3 మంత్రి ఈ7 4. ఒంటె ఎఫ్4 మంత్రి బి4 చెక్ 5. ఒంటె డి2 మంత్రి×బి2. ఇక్కడ తెల్లవారు 6. ఒంటె సి3 వేస్తే ఒంటె బి4, ఆపైన 7. మంత్రి డి2 ఒంటె×సి3 8. మంత్రి×సి3 మంత్రి సి1 మేట్. ఇంట్లో ఆన్‌లైన్‌లో ఆడినప్పుడు ఇది నాలుగైదు సార్లు పారింది కూడా. ఆ రోజు నా ఎదుట కూర్చున్నది పదకొండేళ్లు మించని బాబు. ఆరో ఎత్తులో ఒంటెను ముట్టుకోకుండా గుర్రాన్ని సి3లో పెట్టి, గడియారం నొక్కి, నీళ్ల సీసా మూత తిప్పుకుంటూ కూర్చున్నాడు. నేను ఒంటె బి4 వేశాను, అతను ఏనుగును బి1కి తెచ్చాడు, నా మంత్రి ఎ3కి పోయింది, అతని ఏనుగు బి3కి ఎక్కింది, నా మంత్రి ఎ5కి పరుగెత్తింది. అప్పటికి బోర్డు మీద నా పావుల్లో మూడే కదిలి ఉన్నాయి, అందులో మంత్రి ఒక్కటే అయిదు ఎత్తులు తినేసింది. ఇరవై రెండో ఎత్తుకు ఓటమి ఒప్పుకొని చేయి కలిపాను.

ఆ దారి నాకు వద్దు. అయితే పదును మాత్రం కావాలి. వెతగ్గా రెండు ఆటలు కనిపించాయి. ఒకటి ఆల్బిన్ కౌంటర్ గ్యాంబిట్, రెండోది బుడాపెస్ట్ గ్యాంబిట్. రెండింటిలోనూ రెండో ఎత్తులోనే ఈ5 వేసి బంటును అర్పిస్తారు. రోజుకు ఒక గంట చొప్పున రెండు నెలలు కేటాయించగలను. ఎదుటివారు వలలో పడకపోయినా ఆడదగిన స్థితి మిగిలే ఆట ఈ రెండింటిలో ఏది? అనుభవం ఉన్నవారు చెప్పగలరని మనవి.

సుబేదారి_శిక్షకుడు

నమస్కారం సార్. నేను పద్నాలుగేళ్లుగా పిల్లలకు చదరంగం నేర్పుతున్నాను. మన ఊరి పిల్లల్లో ఇప్పుడు ఒక కొత్త ఉత్సాహం ఉంది, దానికి కారణం మీకూ తెలుసు. వరంగల్‌లో పుట్టిన అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబరు రేటింగ్ జాబితాలో 2801 పాయింట్లకు చేరిన తర్వాత, ప్రతి పిల్లవాడూ మొదటి రోజే "పదునుగా ఆడటం నేర్పండి" అని అడుగుతున్నాడు. వాళ్లకు చెప్పేదే మీకూ చెబుతాను. పదునైన ఆటను ఎంచుకునేటప్పుడు వలను చూడకూడదు, వల తప్పించుకున్న ఎదుటివారు వేసే మంచి ఎత్తును చూడాలి. ఆ ఎత్తు తర్వాత మీ పావులు ఎక్కడ నిలబడతాయో మీకు తెలిస్తే అది ఆడదగిన ఆట. ఎంగ్లండ్‌లో 6. గుర్రం సి3 తర్వాత నల్లవారికి ఏమీ మిగలదు. ఆల్బిన్ విషయం అలా కాదు.

ఆల్బిన్ ఎత్తులు ఇవి: 1. డి4 డి5 2. సి4 ఈ5 3. డి×ఈ5 డి4. ఈ ఆటకు పేరిచ్చిన అడాల్ఫ్ ఆల్బిన్ 1893లో న్యూయార్క్‌లో ఇమాన్యుయెల్ లాస్కర్ మీద దీన్ని ఆడి ఓడిపోయాడు. అయినా పేరు మిగిలిందంటే ఆ డి4 బంటులో ఉన్న బలమే కారణం. బోర్డు మీద పెట్టి ఒకసారి ఆ బంటునే చూడండి. తెల్ల గుర్రానికి సహజమైన గడి సి3, దాన్ని ఈ బంటు కాపు కాస్తోంది. తెల్లవారు ఈ3 వేద్దామంటే అక్కడా ఇదే కాపలా ఉంది. ఒక బంటు ఇచ్చి, ఎదుటివారి ఇంటి గుమ్మంలో ఒక మేకు దిగగొట్టినట్టు అవుతుంది.

ఆ మేకును పీకాలని తొందరపడితే ఏమవుతుందో లాస్కర్ పేరుతో ఉన్న వల చూపిస్తుంది. 4. ఈ3 ఒంటె బి4 చెక్ 5. ఒంటె డి2 డి×ఈ3. ఇక్కడ తెల్లవారు 6. ఒంటె×బి4 అని ఒంటెను తింటే ఈ×ఎఫ్2 చెక్. రాజు ఎఫ్2లోని బంటును తినకూడదు, తింటే డి1లోని మంత్రికి కాపలా పోయి డి8 నుంచి నల్లమంత్రి దాన్ని ఎత్తుకుపోతుంది. కనుక 7. రాజు ఈ2. ఇప్పుడు నల్లవారు ఎఫ్×జి1 అని గుర్రాన్ని తిని, చివరి వరుసకు చేరిన ఆ బంటును మంత్రిగా కాకుండా గుర్రంగా మార్చుకుంటారు, అదీ చెక్‌తో. మంత్రిగా మార్చుకుంటే తెల్లవారు డి8లో మంత్రులను మార్చుకొని, ఆ తర్వాత ఏనుగుతో కొత్త మంత్రిని తిని ఊపిరి పీల్చుకుంటారు. గుర్రం మాత్రం ఆ తీరిక ఇవ్వదు. దాన్ని 8. ఏనుగు×జి1 అని తింటే ఒంటె జి4 చెక్, రాజు వెనకనున్న మంత్రి పోతుంది. నా దగ్గరికి వచ్చే పిల్లలు ఈ ఏడో ఎత్తు మొదటిసారి చూసినప్పుడు బోర్డు మీదికి వంగిపోతారు. బంటు గుర్రంగా మారడం నిజమైన ఆటలో అవసరపడటం వాళ్లకు అదే మొదటి అనుభవం.

అయితే ఆరో ఎత్తులో తెల్లవారు ఒంటెను తినకుండా ఎఫ్×ఈ3 అని బంటును తింటే ఈ వల లేదు. అప్పుడు తెల్లవారి 'ఈ' అక్షరపు నిలువు వరుసలో రెండు బంట్లు ఒకదాని ముందు ఒకటి ఒంటరిగా మిగిలి, నల్లవారికి మంచి ఆట వస్తుంది. పైగా కాస్త చదివిన వాళ్లు నాలుగో ఎత్తులో ఈ3 జోలికే పోరు. 4. గుర్రం ఎఫ్3 గుర్రం సి6, తర్వాత 5. జి3 గాని 5. ఎ3 గాని వేస్తారు. మీ రెండు నెలల్లో నెలన్నర ఈ రెండు ఎత్తులకే ఇవ్వాలి. జి3 మీద పాత పద్ధతి ఒంటె ఈ6, మంత్రి డి7, రాణి వైపు క్యాజ్లింగ్ (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో జరిపి రాజును పక్కకు చేర్చడం), ఆపైన ఒంటె హెచ్3 వేసి జి2లోని ఒంటెను మార్చుకోవడం, హెచ్ బంటును తోయడం. చూడటానికి బాగుంటుంది గాని తెల్లవారి దాడి కూడా మీ రాజు మీదికే వస్తుంది, వాళ్ల జి2 ఒంటె బి7 వైపే గురిపెట్టి ఉంటుంది. రష్యన్ గ్రాండ్‌మాస్టర్ అలెగ్జాండర్ మొరొజెవిచ్ ఈ ఆటను మళ్లీ పెద్ద వేదికల మీదికి తెచ్చినప్పుడు బలం చేకూర్చిన పద్ధతి వేరు. అందులో రాజు వైపు గుర్రం ఈ7 మీదుగా జి6కు చేరి ఈ5లోని బంటును అడుగుతుంది. నేను నేర్పేది అదే. తొందర లేకుండా పోయిన బంటును తిరిగి రాబట్టుకోవడం అందులో ఉంది.

ర్యాపిడ్‌కు ఆల్బిన్ సరిపోతుంది. ఎక్కువ సమయం ఉండే క్లాసికల్ ఆటలో, ముఖ్యంగా ఎదుటివారికి ముందురోజే జత తెలిసిపోయే టోర్నమెంటులో, నేను మా పిల్లలచేత ఆడించను.

రామగుండం_ట్రాన్స్‌ఫార్మర్

సుబేదారి సార్ చెప్పిన కొలమానంతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. అదే కొలమానంతో కొలిస్తే బుడాపెస్ట్ ఒక మెట్టు పైన ఉంటుందని నా అభిప్రాయం. నేను విద్యుత్ కేంద్రంలో పనిచేస్తాను, షిఫ్టులు ముగిశాక ఆడే ఆటగాడినే. కానీ ఈ ఒక్క ఆటను పదకొండేళ్లుగా విడవకుండా ఆడుతున్నాను.

1. డి4 గుర్రం ఎఫ్6 2. సి4 ఈ5 3. డి×ఈ5 గుర్రం జి4. ఆల్బిన్‌కు దీనికి ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. ఆల్బిన్‌లో బంటును నిజంగా వదులుకొని, దాని బదులు డి4లోని మేకును పొందుతారు. బుడాపెస్ట్‌లో వదులుకోవడమే ఉండదు. గుర్రం వెంటనే ఈ5 మీద పడుతుంది, సి6 నుంచి రెండో గుర్రం, ఈ7 నుంచి మంత్రి తోడవుతాయి. తెల్లవారు ఆ బంటును కాపాడుకోవాలని పట్టుబడితే వాళ్ల పావుల అమరిక చెడుతుంది, వదిలేస్తే బంట్లు సమానం. ఒంటెలు రెండూ బయటికి వస్తాయి. మీరు బాధపడుతున్న సి8 ఒంటెకు ముందు ఈ6 బంటు అడ్డమే ఉండదు.

దీనిలోనూ వల ఉంది, అది తెలిసి ఉండాలి. 4. ఒంటె ఎఫ్4 గుర్రం సి6 5. గుర్రం ఎఫ్3 ఒంటె బి4 చెక్ 6. గుర్రం బి1 నుంచి డి2 మంత్రి ఈ7 7. ఎ3. తెల్లవారు ఒంటెను అడుగుతున్నారు. నల్లవారు దాన్ని అక్కడే వదిలి జి4 గుర్రంతో ఈ5 బంటును తింటారు. 8. ఎ×బి4 అని ఒంటెను తిన్న మరుక్షణం గుర్రం డి3, మేట్. ఈ2 బంటు ఆ గుర్రాన్ని తినలేదు, ఎందుకంటే ఈ7 మంత్రి ఎదుట అది రాజుకు అడ్డుగా కట్టుబడి ఉంది. రాజు చుట్టూ ఉన్న అయిదు గడులలోనూ సొంత పావులే నిలబడి ఉంటాయి. నేను ఈ వల మీద ఆశ పెట్టుకొని ఎప్పుడూ ఆడలేదు. తెల్లవారు వలను చూసి 8. గుర్రం×ఈ5 గుర్రం×ఈ5 9. ఈ3 ఒంటె×డి2 చెక్ 10. మంత్రి×డి2 అని ఆడితే వాళ్లకు రెండు ఒంటెలు, మనకు ఒక ఒంటె, ఒక గుర్రం. తెల్లవారికి కాస్త మెరుగే. అయినా అది ఎంగ్లండ్ ఆరో ఎత్తు వంటి గోతి కాదు, నలభై ఎత్తుల దాకా నిలబడి ఆడుకోగల స్థితి.

బుడాపెస్ట్ అనగానే మనవాళ్లకు ఇప్పుడు 2024 చెస్ ఒలింపియాడ్, అంటే దేశాల జట్లు ఆడే పోటీ గుర్తొస్తుంది. ఆ నగరంలోనే భారత పురుషుల, మహిళల జట్లు రెండూ స్వర్ణాలు గెలిచాయి, అర్జున్ మూడో బోర్డు మీద పదకొండు ఆటల్లో పది పాయింట్లు సాధించి వ్యక్తిగత స్వర్ణం కూడా తెచ్చాడు. ఈ ఆటకు ఆ పేరు రావడం అంతకు చాలా ముందటి సంగతి. తెలిసినంతలో మొదటి ఆట 1896లో అదే నగరంలో జరిగింది. కానీ ప్రపంచం దీన్ని గుర్తించింది 1918లో, బెర్లిన్‌లో నలుగురు ఆటగాళ్లతో జరిగిన టోర్నమెంటులో. అక్కడ స్లొవేనియాకు చెందిన మిలాన్ విద్మార్ నల్లపావులతో అకీబా రూబిన్‌స్టైన్‌ను ఇరవై నాలుగు ఎత్తుల్లో ఓడించాడు. విద్మార్ వృత్తిరీత్యా విద్యుత్ ఇంజినీరు, ట్రాన్స్‌ఫార్మర్ల మీద లోతుగా పనిచేసిన ఆచార్యుడు. మా విభాగంలో ఆ పేరు చెప్పి నేను ఇద్దరు ముగ్గురిని ఈ ఆటలోకి దించాను.

ఆ ఆటను మీరు బోర్డు మీద పెట్టుకొని ఒక సాయంత్రమంతా చూడాలి. రూబిన్‌స్టైన్ తిన్న బంటును పట్టుకొని కూర్చోవాలని మంత్రిని డి5కు తెస్తాడు. విద్మార్ ఒంటెతో సి3 గుర్రాన్ని మార్చుకొని, తొమ్మిదో ఎత్తులో ఎఫ్6 వేసి మధ్యభాగాన్ని తెరుస్తాడు. తెల్లరాజు ఇంకా క్యాజిల్ చేసుకోలేదు. పదిహేనో ఎత్తులో ఎ5 నుంచి మంత్రి చెక్ ఇస్తే రాజు ఈ2కు జరగాల్సి వస్తుంది. అప్పుడు విద్మార్ ఏనుగుతో ఎఫ్4లోని ఒంటెను తినేస్తాడు. ఈ×ఎఫ్4 అని తెల్లవారు ఏనుగును తింటే, ఒంటె ఎఫ్5. ఈ4లో గుర్రం, దాని వెనుక ఎఫ్5లో ఒంటె, ఆ ఒంటె చూపు నేరుగా సి2లోని మంత్రి మీద. మంత్రి తప్పుకుంటే రెండో ఏనుగు ఈ8కి వస్తుంది. అక్కడి నుంచి తెల్లరాజు ఎఫ్3, జి3, హెచ్4 అంటూ తన బంట్లను వదిలి బోర్డు మధ్యకు నడుస్తాడు, చివరికి హెచ్5లో ఒంటె జి6 చెక్ ఎదుట ఆట ముగుస్తుంది. ఇందులో వల అంటూ ఒక్కటీ లేదు. తెల్లవారు బంటు మీది మమకారంతో కోల్పోయిన సమయాన్ని నల్లవారు ఒక్కొక్క పావుగా రాబట్టుకున్నారు.

మీకు పనికొచ్చే మాట ఇంకొకటి. 4. గుర్రం ఎఫ్3 ఒంటె సి5 5. ఈ3 గుర్రం సి6 అన్న దారిలో నల్లవారికి ఒక అందమైన ఎత్తుగడ ఉంది. ఎ5 వేసి, ఎ8 ఏనుగును ఎ6కు ఎక్కించి, ఆరో వరుస మీదుగా హెచ్6కు తీసుకుపోవడం. క్లాసికల్ ఆటలోనూ ఇది నాకు అన్నం పెట్టింది. మూడో ఎత్తులో గుర్రాన్ని జి4కు బదులు ఈ4కు పంపే ఫయారొవిచ్ పద్ధతి కూడా ఉంది. 4. ఎ3 వేసిన వాళ్ల మీద అది నాకు నిలబడలేదు, కనుక సిఫారసు చేయను.

కరీంనగర్_తెల్లపావులు

నేను ఇరవై ఏళ్లుగా డి4 ఆడేవాడిని కనుక అవతలి వైపు నుంచి ఒక మాట చెబుతాను. ఆల్బిన్ మీద నేను 5. ఎ3 వేసి బి4 తోస్తాను, నా ఎదుట కూర్చున్న వాళ్లలో ఎక్కువ మంది అక్కడే ఆలోచనలో పడిపోతారు. బుడాపెస్ట్ మీద 4. ఒంటె ఎఫ్4 వేసి, బంటును తిరిగి ఇచ్చేసి, రెండు ఒంటెలు ఉంచుకొని, బి4, సి5 అని రాణి వైపు నెమ్మదిగా తోస్తాను. రెండోదానిలో నేను గెలవాలంటే చాలా కష్టపడాలి, కనుక రామగుండం అన్నయ్య చెప్పిన మాటే సరైనదని ఒప్పుకుంటున్నాను.

కానీ మీరు ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. ఈ రెండు ఆటలకూ తెల్లవారు రెండో ఎత్తులో సి4 వేయాలి. ఇప్పుడు మన టోర్నమెంట్లలో డి4 ఆడేవాళ్లు చాలామంది సి4 వేయడం లేదు, ఒంటెను ఎఫ్4కు తెచ్చి లండన్ ఆడుతున్నారు. నేనూ ఎదుటివారు బుడాపెస్ట్ ఆడతారని తెలిస్తే ముందు గుర్రం ఎఫ్3 వేస్తాను, ఆ తర్వాతే సి4. అప్పుడు ఈ5 అర్పణకు అవకాశమే ఉండదు. కనుక రెండు నెలల్లో కనీసం పదిరోజులు దీనికి కేటాయించండి. లండన్ మీద 2. ఒంటె ఎఫ్4 సి5 3. ఈ3 మంత్రి బి6 అని బి2 బంటును అడగడం మీ స్వభావానికి సరిపోతుంది. అయితే 4. గుర్రం సి3 వేసిన వాళ్ల మీద బి2ను తినే ముందు, ఆ గుర్రం బి5కు దూకితే ఏమవుతుందో పూర్తిగా లెక్క వేసుకోండి.

కాజీపేట_జంక్షన్

కరీంనగర్ వారు చెప్పిన కారణం వల్లనే నేను ఈ రెండింటినీ వదిలేసి కింగ్స్ ఇండియన్‌కు మారాను. గుర్రం ఎఫ్6, జి6, ఒంటె జి7, డి6, క్యాజ్లింగ్: తెల్లవారు సి4 వేసినా, లండన్ ఆడినా, గుర్రాన్ని ముందు తెచ్చినా మొదటి అయిదు ఎత్తులు దాదాపు ఇవే. పదును తక్కువేమీ కాదు. తెల్లవారు మధ్యలో డి5 వేసి మూసివేశాక నల్లవారు ఎఫ్5, ఎఫ్4, జి5 అని రాజు మీదికి బంట్లను తోస్తారు, వాళ్లు సి5 మీదుగా మన రాణి వైపు చీల్చుకొస్తారు, ఎవరు ముందు చేరితే వాళ్లది ఆట. పైగా ఈ అమరికకు మన దేశంతో సంబంధం ఉంది. 1850ల కలకత్తాలో మహేశ్‌చంద్ర బెనర్జీ అనే ఆటగాడు జాన్ కొక్రేన్ అనే స్కాట్లండ్ వాసితో ఎన్నో ఆటలు ఆడాడు. ఒంటెను పక్కన జి7లో కూర్చోబెట్టి, ఎదుటివారిని మధ్యభాగం ఆక్రమించుకోనిచ్చి, తర్వాత దాన్ని కొట్టడం ఆయన ఆటల్లో కనిపిస్తుంది. ఇండియన్ డిఫెన్స్ అన్న పేరు అక్కడి నుంచి వచ్చిందే.

రెండు నెలల్లో ఇది పట్టుబడదని నిజాయితీగా చెప్పాలి. నాకు మూడేళ్లు పట్టింది. అందులో మొదటి ఏడాది నా రేటింగ్ తగ్గింది.

వడ్డేపల్లి_నల్లపావులు

అందరికీ కృతజ్ఞతలు. వారంపాటు ఆలోచించి బుడాపెస్ట్‌ను ఎంచుకున్నాను. విద్మార్ ఆటను మూడు సాయంత్రాలు బోర్డు మీద ఆడాను, ఇంట్లో మా పాప తెల్లపావులు కదిపింది. రాజు హెచ్4కు చేరినప్పుడు "ఈయన ఎక్కడికి పోతున్నాడు నాన్నా" అని అడిగింది, జవాబుగా మిగతా మూడు ఎత్తులు చూపించాను. కాజీపేట వారి సలహాను కాదనడం లేదు, వచ్చే వేసవి సెలవులకు దాచుకుంటున్నాను.

నిన్న ఆదివారం ఇక్కడే జరిగిన టోర్నమెంటులో మొదటిసారి ఆడే అవకాశం వచ్చింది. ఎదుటివారు వృద్ధులు, విశ్రాంత ఉద్యోగి, చాలా మర్యాదస్తులు. ఆట ఇలా సాగింది: 4. గుర్రం ఎఫ్3 ఒంటె సి5 5. ఈ3 గుర్రం సి6 6. ఒంటె ఈ2 జి4 గుర్రం×ఈ5 7. గుర్రం×ఈ5 గుర్రం×ఈ5 8. 0-0 0-0 (ఇద్దరూ రాజు వైపు క్యాజ్లింగ్) 9. గుర్రం సి3 డి6 10. బి3 ఎ5 11. ఒంటె బి2 ఏనుగు ఎ6. రామగుండం అన్నయ్య చెప్పిన ఎత్తుగడ చేతికి వచ్చిందని సంతోషించాను. 12. గుర్రం ఈ4 ఒంటె ఎ7. అప్పుడు ఆయన అయిదు నిమిషాలు ఆలోచించి 13. సి5 వేశారు. సి4 గడి ఖాళీ కాగానే ఈ2లోని ఒంటె ఎ6 ఏనుగు మీదికి తిరిగింది. నేను కంగారులో డి×సి5 అని బంటును తిన్నాను. ఆయన ఏనుగును తిన్నారు. తర్వాత చూసుకుంటే ఈ5లోని నా గుర్రానికి ఉన్న ఆసరా కూడా ఆ డి6 బంటే, దాన్ని నేనే కదిపాను. మంత్రులు మారాక ఆ గుర్రం కూడా బి2 ఒంటెకు చిక్కింది.

ఆట అయ్యాక ఆయన పక్కన కూర్చోబెట్టుకొని పన్నెండో ఎత్తు దాకా పావులు మళ్లీ పేర్చారు. "ఆరంభం బాగుంది సార్, ఏనుగును ఎందుకు అక్కడ నిలబెట్టారో మీకే తెలియాలి" అన్నారు. నేను హెచ్6కు తీసుకుపోదామని అన్నాను. ఆయన డి6లోని బంటును వేలితో చూపించారు. ఎ6 నుంచి హెచ్6కు పోయే దారికి ఆ బంటు అడ్డంగా ఉంది. పావులు పేర్చి చూపించేదాకా నాకు అది కనిపించలేదు.

నా సందేహం ఇప్పుడు ఇది. డి6 వేయకపోతే సి8 ఒంటె బయటికి రాదు, ఈ5 గుర్రానికి ఆసరా ఉండదు. వేస్తే ఏనుగు పోదు. ఈ రెండింటినీ ఎలా కలపాలి?

రామగుండం_ట్రాన్స్‌ఫార్మర్

తప్పు నాది కూడా. ఎత్తుగడ చెప్పాను గాని వరుస చెప్పలేదు, క్షమించండి.

తొమ్మిదో ఎత్తులో డి6 బదులు ఎఫ్8 ఏనుగును ఈ8కి తీసుకురండి. ఈ5 గుర్రానికి కావలసిన ఆసరా అదే ఇస్తుంది, బంటు అవసరం లేదు. డి బంటు డి7లోనే ఉంటుంది కనుక ఆరో వరుస ఎ6 నుంచి హెచ్6 దాకా తెరిచి ఉంటుంది. ఆ తర్వాత ఎ5, ఏనుగు ఎ6. ఎ5 బంటు ముందుకు జరగడం వల్ల సి5 ఒంటెకు ఎ7 గడి దొరుకుతుంది, ఈ4 నుంచి గుర్రం అడిగితే ఒంటె అక్కడికి తప్పుకొని, అదే గీత మీద రాజు వైపే చూస్తూ ఉంటుంది. ఇప్పుడు ఆయన సి5 వేస్తే కంగారు పడక్కర్లేదు, ఏనుగు ఆ ఎత్తులోనే హెచ్6కు వెళ్తుంది. ముందుకు తోసిన ఆ సి5 బంటును తర్వాత బి6తో అడగవచ్చు. మంత్రిని హెచ్4కు తెచ్చేది ఏనుగు హెచ్6 చేరిన తర్వాతే. డి6 అన్నిటికంటే చివర. అప్పుడు అది ఏనుగుకు అడ్డం కాదు, సి8 ఒంటెకు హెచ్3 దాకా దారి తీస్తుంది, ఎదుటివారు హెచ్3లో బంటు పెట్టి ఉంటే దాని మీద ఒంటెను అర్పించడం గురించి ఆలోచించవలసిన సమయం అదే.

ఒక్క హెచ్చరిక. తెల్ల ఒంటె సి1లోనే ఉండి, ఈ3 బంటు కదిలి ఉంటే హెచ్6 గడి మీద దాని చూపు ఉంటుంది. ఆ ఒంటె బి2కు వెళ్లిందో లేదో చూసుకున్నాకే ఏనుగును పంపండి. వచ్చే ఆదివారం నాకు షిఫ్టు లేదు. మీరు సరేనంటే సాయంత్రం ఆన్‌లైన్‌లో తొమ్మిదో ఎత్తు నుంచి ఈ స్థితినే నాలుగైదు సార్లు ఆడదాం, తెల్లపావులు నేను తీసుకుంటాను.